దీపము దేనిని చూపవలెను?

సంస్కృతాలంకారశాస్త్రమును చదివినవారు దీపమును గూర్చిన యొక చిన్న యుపమానమును మఱచిపోజాలరు. తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరదేశమునందు వెలసిన ఆనందవర్ధనుడు ధ్వనిసిద్ధాంతమును నిరూపించుచు, వెలుగు కావలసినవాడు దీపశిఖయందెట్లు శ్రద్ధ వహించునో, వ్యంగ్యార్థము కావలసినవాడు వాచ్యార్థమునం దట్లే శ్రద్ధ వహించునని చెప్పెను. వత్తిని సవరించువానికి వత్తిమీద మమకారము లేదు. కాని వత్తిని సవరింపనిదే వానికి కావలసిన వస్తువు కనబడదు. విద్యార్థిదశలో మేమీ మాటను పరీక్షకొఱకు వల్లించితిమి. దాని యర్థము మాత్రము నలువదియేండ్లు దాటిన పిదప, మా పాఠశాల వార్షికోత్సవమునాటి రాత్రి, కొంత యవమానముతో గూడి మాకు తెలిసినది.

ఆ సంవత్సరము పిల్లలచేత హరిశ్చంద్రకథలోని కాటిసీనును ఆడింప నిశ్చయించితిమి. చంద్రమతి వేషము పదవతరగతి చదువుచుండిన యొక బాలికది. ఆమె తల్లి కూలిపనికి పోయి సంసారము నీడ్చుచున్న మనిషి. ఆ పిల్ల నెలదినములపాటు సాయంకాలమున నింటికి పోక, మా తరగతి గదిలోనే నిలిచి పద్యములు సాధించినది. దీపముల యేర్పాటు మా వంతునకు వచ్చెను. పట్టణమునుండి అద్దెకు దెచ్చిన ఎల్‌ఈడీ దీపములు పండ్రెండు, పొగ పుట్టించు యంత్రమొకటి, అన్నిటిని నడపు పెట్టె యొకటి. ఆ పెట్టెమీది మీటలను జూడగానే మాలోని బాలుడు మేలుకొనెను. శ్మశానమనగా నీలము, చితి యనగా నెఱుపు, దుఃఖము ముదిరినకొలది రంగుల వడి హెచ్చవలెనని మేమే యాజ్ఞ యిచ్చితిమి. లోహితాస్యుని దేహముపై తల్లి వ్రాలిన క్షణమున పొగ లేచెను. నీలమును ఎఱుపును గలిసి యూదావన్నెయై పందిరి యెల్ల చుట్టివచ్చెను. కుఱ్ఱవాండ్రు ఈలలు వేసిరి. పెద్దలు చప్పట్లు చఱచిరి. మేము పొంగిపోతిమి.

తెర పడిన తరువాత ఆ బాలిక వేషమైనను తీయక మాయొద్దకు వచ్చి, "మాస్టారూ, మా అమ్మ వెనక వరసలో కూర్చుందండి. నా మొహం కనబడలేదంటోంది. నిజంగానే కనబడలేదాండీ?" అని యడిగినది.

"కనబడిందమ్మా, బాగా కనబడింది" అంటిమి. అది యబద్ధము. మీటల ప్రక్కన గూర్చుండిన మేమును ఆ ముఖమును చూడనేలేదు. సత్యహరిశ్చంద్రుని కథ నాడించిన రాత్రియే అట్టి మాట మా నోట వెడలుటను గూర్చి వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఈ కాలమున దీపశిల్పులను గూర్చి వ్రాయువారు తఱచుగా నొక మాట చెప్పుచుందురు: వారు శాస్త్రమును సౌందర్యమును మేళవించుచున్నారని. ఆ మాట తప్పు కాదు గాని, అది ప్రశ్నను దాటవేయుచున్నది. నూనెయు వత్తియు గలిసినట్లు ఈ రెండును గలియుట యంత కష్టము కాదు. మా పండ్రెండు దీపములలోను రెండును గలిసియే యుండెను. యంత్రములలో లోపము లేదు. రంగులు కన్నులకింపుగనే యుండెను. లోపించినది, ఆ మేళవింపు దేనిని చూపుటకు, ఎవరికి చూపుటకు అనెడి యెఱుక. ఇది కేవలము కళకు సంబంధించిన ప్రశ్నవలె గానవచ్చును. వెనుక వరుసలోని ఆ తల్లిని దలచుకొన్నపుడెల్ల మాకిది నీతికి సంబంధించిన ప్రశ్న యనియే తోచుచున్నది.

ఈ ప్రశ్నతోనే జీవితమెల్ల గడపినవా రొకరు మన దేశమున నుండిరి. తాపస్ సేన్‌గారు 1924లో అస్సాములో జన్మించి, ఢిల్లీలో పెరిగి, కలకత్తా చేరి, 2006లో మరణించువఱకు రంగోద్దీపనమే వృత్తిగా, వ్రతముగా జేసికొన్నవారు. 1954లో శంభు మిత్రాగారు రవీంద్రుని 'రక్తకరబి' నాటకమును ప్రదర్శించినపుడు దీపములు కూర్చినది వీరే. వారు పని నేర్చిన దినములలో మన నాటకశాలల దారిద్ర్య మింతంత కాదు. ఖాళీ రేకుడబ్బాలలో సామాన్యపు బల్బులను బిగించి దీపపు గూళ్లను తయారుచేసికొనిరి. నేడు వ్రేలితో నొక మీటను కదలించినచో దీపము మెల్లగా తగ్గును, హెచ్చును. ఆ కాలపు చిన్న నాటకశాలలలో దీపమును తగ్గించుటకు ఉప్పునీటి కుండలను వాడుట కలదు. కుండలో ఉప్పునీరు పోసి రెండు లోహపు పలకలను దింపి, వానిని దగ్గఱకు జేర్చిన దీపము ప్రకాశించును. దూరము చేసిన మందగించును. చేయి తప్పెనా, ప్రాణమునకే మోసము. ఇంత కష్టపడి వెలుగును తగ్గించువాడు ఊరక యెందుకు తగ్గించును? ప్రతి మార్పునకును హేతువును వెదకుకొనును. మా పెట్టెకు మీటలెక్కువ, మాకు హేతువులు తక్కువ. తేడా యంతయు నిక్కడనే యున్నదేమో.

సేన్‌గారి పేరు సామాన్యజనుల నోట బడినది 1959లో. ఉత్పల్ దత్తుగారి లిటిల్ థియేటర్ గ్రూపువారు కలకత్తా మినర్వా నాటకశాలలో 'అంగార్' అను నాటకమును ప్రదర్శించిరి. అది బొగ్గుగని కార్మికుల కథ. కడపటి ఘట్టమున గనిలో చిక్కుకొన్న కూలీలుండగనే గనిలోనికి నీరు వదలబడును. నీరు పాదములకు, మోకాళ్లకు, ఱొమ్ములకు, కంఠములకు వచ్చును. రంగస్థలముపై నీటిబొట్టు లేదు. నీటిని సృష్టించినది సేన్‌గారి వెలుగు. చీకటిలో వెలుగుపొర యలలు వేయుచు క్రమముగా పైకి లేచుచుండ, నటులు దానితోపాటు మునుగుచుండ, దానికి రవిశంకరుగారి సంగీతము తోడుకాగా, చూచినవారు కుర్చీలలో నుండియే కాళ్లు పైకి దీసికొనిరన్నను మేము నమ్ముదుము.

అదే కాలమున 'సేతు' అను నాటకమున ఆయనయే వెలుగుతోను ధ్వనితోను ఒక రైలుబండిని రంగముమీదికి రప్పించిరి. ఆ రైలును జూచుటకే జనులు మరల మరల వచ్చిరని చెప్పుకొందురు. ఇక్కడనే విమర్శ బయలుదేఱినది. దీపము నాటకమును మింగుచున్నదనియు, ప్రేక్షకులు నటులను మఱచి నీటిని రైలును మెచ్చుకొని పోవుచున్నారనియు కొందఱనిరి. ఆ ప్రదర్శనలు జరుగునాటికి మేము పుట్టనేలేదు; చదివినదానిని బట్టియు విన్నదానిని బట్టియు మాటలాడవలసినవారమే. అయినను మా కాటిసీనుకన్న ఈ విమర్శ మా కెక్కువ పాఠము చెప్పినది.

ఏలయన 'అంగార్'లోని నీరు అలంకారము కాదు. ఆ నీటి వెనుక నొక లెక్క యున్నది. బొగ్గు విలువ యెక్కువ, మనిషి విలువ తక్కువ యనెడి లెక్క యది. నాటకము చెప్పవలసిన సత్యము ఆ లెక్కయే. దానిని నటుడు సంభాషణములో జెప్పిన ప్రేక్షకుడు తల యూపి యూరకుండును. కంఠమువఱకు వచ్చిన నీరు చెప్పినపుడు వానికి తప్పించుకొను దారి లేదు. అక్కడ దీపపు నేర్పు కనబడుచున్నను, నేర్పును దాటి కూలీవాని ముఖము కనబడుచున్నది. జనులు దీపమును మెచ్చుకొన్నారా లేదా యనునది పరీక్ష కాదు. మెచ్చుకొనిన పిదప వారి మనసులో మిగిలిన దెవరు? నీటిని తలచుకొని యింటికి బోవువాడు గనిలోని మనిషిని కూడ తలచుకొనుచు బోయెనేని ఆ నేర్పు ధర్మముగా వాడబడినట్లే. 'సేతు' విషయమున మేము తీర్పు చెప్పజాలము. రైలు బండిని జూచుటకే మరల వచ్చినవాడు రెండవసారి కథనుగూడ వినియుండవచ్చును, వినకయు నుండవచ్చును. కాటిసీను విషయమున మాత్రము తీర్పు స్పష్టము. మా యూదావన్నె వెనుక నెవరును లేరు.

పూర్వులీ సంగతి నెఱుగనివారా యనిన, మన తోలుబొమ్మలాటను చూడుడు. తెల్లని తెర, తెర వెనుక చమురుదీపము, నడుమ మేకతోలుతో జేసిన బొమ్మ. తోలును వెలుగు చొచ్చునట్లు పలుచగా సాపుచేసి, రంగులు పూసి, నగలున్నచోట సన్నని రంధ్రములు పొడుతురు. వెలుగు వచ్చుదారిని ముందుగా నూహించి తోలును చెక్కిన ఆ పనివానిని దీపశిల్పి యనక మఱేమందుము? అక్కడ దీపమును ఎవరును చూడరు. రాముడే కనబడును, రావణుడే కనబడును. ఇందుకు భిన్నముగా కూచిపూడి భాగవతులు కాగడాలను దాచుకొనలేదు. పాత్ర ప్రవేశించువేళ కాగడాపై గుగ్గిలపు పొడి చల్లగా మంట భగ్గున లేచెడిది. ఆ మెఱపు చూపఱుల కన్నులను లాగుకొని వచ్చిన పాత్రకు అప్పగించి తాను తగ్గిపోయెడిది. ఒకచో దాగిన దీపము, ఒకచో చాటుకొన్న దీపము, రెండును యోగ్యములే. కాబట్టి దీపము ఎల్లప్పుడును కనబడకుండవలెనని సూత్రము చేయుట కూడ పొరపాటు. 1885లో కడపజిల్లాలోని సురభి గ్రామమున కీచకవధతో మొదలయిన సురభి నాటకములవారు మాయలనే జీవనముగ జేసికొనిరి. వారి వానయు మంటలును గాలిలో వచ్చు దేవతలును లేక వారి నాటకము లేదు. కథయే మాయాబజారైనపుడు మాయను చూపుట కథను చూపుటయే గదా.

పాశ్చాత్యులలో ఈ విషయమును తత్త్వముగా మొదట విచారించినవాడు స్విట్జర్లండు దేశీయుడైన ఆడాల్ఫ్ ఆపియా (1862–1928). ఆయన కాలమున రంగస్థలమెల్ల బట్టలమీద చిత్రించిన తోటలు, కోటలు. వానిని చూపుటకై అన్నివైపులనుండి సమముగా వెలుగు క్రుమ్మరించెడివారు. చిత్రించిన చెట్టునకు నీడ కూడ చిత్రింపబడియే యుండును. దానిముందు నిజమైన నీడగల మనుష్యుడు నిలిచినపుడు ఇరువురిలో నొకరు అబద్ధమగుదురు. ఆపియా మనుష్యుని పక్షము వహించెను. అంతటను సమముగా బఱచుకొను వెలుగు కనబఱచును గాని చెప్పదనియు, ఒక దిక్కునుండి వచ్చి నీడను పుట్టించు వెలుగే ఆకారమునకు ప్రాణము పోయుననియు ఆయన గ్రహించెను. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమున బోధించిన స్టాన్లీ మెకాండ్లెస్ 1932లో ప్రకటించిన గ్రంథమున దీనికొక పద్ధతిని కల్పించెను. రంగస్థలమును భాగములుగా విభజించి, ప్రతి భాగమునకును ఇరుప్రక్కలనుండి 45 డిగ్రీల కోణమున రెండు దీపములు. ఒకటి వెచ్చని వన్నెది, ఒకటి చల్లని వన్నెది. ముక్కునకు ఒక వైపు ఎండ, మఱియొక వైపు నీడ వచ్చి ముఖము ముఖముగా నిలుచును. ఈ పద్ధతి వంటయింటి కొలతవంటిది. కొలతతో వంట రాదు, కొలత లేకయు రాదు. ఇందులో మమ్ము సిగ్గుపఱచిన దేమనగా, ఆ గ్రంథములోని మొదటి పాఠమునకు రెండు దీపములు చాలును. మాయొద్ద పండ్రెండు గలవు.

విద్యుద్దీపము నాటకశాలలోనికి వచ్చినది అందముకొఱకు మాత్రమే కాదని యిచ్చట చెప్పవలసియున్నది. 1881 డిసెంబరులో వియన్నా నగరపు రింగ్ నాటకశాల గ్యాసుదీపములవలన నంటుకొని వందలకొలది జనులు మరణించిరి. ఆ నెలలోనే లండను నగరపు సవాయ్ నాటకశాలలో రంగస్థలమునకు విద్యుద్దీపము లమర్చిన రిచర్డ్ డాయిలీ కార్ట్, వెలుగుచున్న బల్బు నొకదానిని పలుచని బట్టలో జుట్టి ప్రేక్షకులయెదుట పగులగొట్టి, బట్ట యంటుకొనలేదని చూపెను. ఆ రాత్రి వచ్చిన చప్పట్లు నిస్సందేహముగా దీపమునకే. వానిని మేము తప్పుపట్టము. తల్లి బిడ్డలతో వచ్చి భయములేక కూర్చుండుట యే నాటకమునకైనను మొదటి యంకము.

ఈ మాట చెప్పుటకు మఱొక కారణము కలదు. మావంటి సంస్కృతపండితులు కొందఱు కొత్తదీపమును నిందించి ఆముదపు దీపమును కీర్తించుటకు త్వరపడుదురు. అట్లు కీర్తించువారిలో పలువురు దానిక్రింద చదివినవారు కారు. మేము పల్లెలో కిరసనాయిలు బుడ్డిక్రింద చదివితిమి; ప్రొద్దున లేచి ముక్కు తుడిచికొన్న గుడ్డ నల్లగా నుండెడిది. మా అక్కగారు వంటపని ముగిసిన పిదప ఆ బుడ్డి చుట్టును చోటు దొరకక చదువు మానుకొనిరి. నేడు మా విద్యార్థినులు రాత్రివేళ చదువుచున్నారన్న, అది పొగలేని దీపపు చలువయే. ఆ దీపమునకు మేము ఋణపడియున్నాము.

అయితే ఋణము వేఱు, గ్రుడ్డినమ్మకము వేఱు. నేటి తెల్లని ఎల్‌ఈడీ దీపము వాస్తవముగా నీలిదీపము. నీలికాంతిని సమర్థముగ నిచ్చు డయోడును సాధించినందులకే అకసకి, అమానో, నకమురా యను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము లభించెను. ఆ నీలిదీపముపై పసుపుపచ్చని కాంతినిచ్చు పదార్థమును పూయగా రెండును గలిసి తెలుపుగా భాసించును. ఇందులో ఎఱుపు భాగము కొఱతపడుట కలదు. దీపము రంగులను ఎంత నమ్మకముగా చూపునో కొలుచుటకు నూటికి లెక్కగట్టు సూచిక యొకటి యున్నది. దానిని సాధారణముగా ఎనిమిది లేతరంగుల నమూనాలమీద లెక్కింతురు. ముదురెఱుపు ఆ యెనిమిదింటిలో లేదు. కాబట్టి పెట్టెమీద 80 అని వ్రాసియున్న దీపము ఎఱుపువిషయమున దీనముగా నుండవచ్చును. మనవారి చామనచాయ ముఖములలో ఎఱుపే జీవము. నుదుటి కుంకుమ, చేతి గోరింట, చివరకు పళ్లెములోని ఆవకాయ యైనను అట్టి దీపముక్రింద పాలిపోవును. పిల్ల తెల్లబడిన దని మురియువారు దీపమునకు కృతజ్ఞత చెప్పుకొనుచున్నారు. చామనచాయను తప్పుగా నెంచు సంఘమున ఇట్టి దీపము అబద్ధమునకు తోడగుచున్నది. మా యింట దీపములు మార్చునపుడు ధరను మాత్రమే చూడక, చేయి దానిక్రింద పెట్టి చూచి కొనుచున్నాము. దుకాణదారుడు నవ్వుచున్నాడు. నవ్వనిండు.

పెండ్లిపందిళ్ల సంగతి చెప్పిన కోపము వచ్చునేమో. వధూవరులు తలంబ్రాలు పోసికొనువేళ నాలుగు వైపుల నుండియు తీక్ష్ణమైన దీపములు వారి కన్నులలో పడుచుండును. అవి కెమెరాకొఱకు. ఒకరినొకరు చూచుకొనవలసిన క్షణమున ఇరువురును కన్నులు చికిలించుకొనియుందురు. ముందు వరుసలో గూర్చుండిన తాతగారు చేయి నడ్డము పెట్టుకొనును. పదియేండ్ల తరువాత చూచుటకై నేటి చూపును తాకట్టు పెట్టుచున్నాము.

యంత్రమును దాచి దాని ఫలమును మాత్రము మిగిల్చినదానికి మే మొక యుదాహరణము చెప్పి విరమింతుము. అమెరికాలో ఫోర్ట్‌వర్త్ నగరమున 1972లో తెఱచిన కింబెల్ చిత్రశాలను నిర్మించినది లూయీ కాన్. అందలి వెలుగును కూర్చుటలో ఆయనకు తోడుపడినవాడు రిచర్డ్ కెల్లీ. విల్లువలె వంగిన పైకప్పు నడిమిన సన్నని సందు. సందునుండి వచ్చు ఎండను క్రింద రంధ్రములుగల అల్యూమినియము రేకులు పట్టి పైకప్పుమీదికే త్రిప్పును. ఆ రేకు వంపును కంప్యూటరుచేత లెక్కగట్టించిరి. లోపలికి వచ్చినవారికి ఆ లెక్క కనబడదు. కాంక్రీటు గోడ వెండివలె మెత్తబడును. మేఘము పోవుచున్న సంగతి చిత్రపటము ముందు నిలిచినవానికి తెలియును. దీపశిల్పి పని యంతయు జరిగినది. అతడు మాత్రము గదిలో లేడు. టెక్సాసు ఎండవంటి యెండ మనకును పుష్కలముగ నున్నది. మన పాఠశాలలలో పగటివేళ కిటికీలు మూసి దీపములు వేసికొనుచున్నాము.

మఱుసటి యేడు వార్షికోత్సవమునకు అదే కాటిసీను నాడించితిమి. చంద్రమతి వేఱొక బాలిక. సాధన జరుగుచున్నంతసేపు మేము మీటలయొద్ద గూర్చుండక వెనుక వరుసలో గూర్చుంటిమి. ముందు దీపములన్నియు ఆర్పించి, ఒక్కదానిని వెలిగించితిమి. పిల్ల కన్నులు కనబడలేదు, గుంటలు కనబడినవి. దీపమును క్రిందికి దింపించితిమి. రెండవదానిని ఇంకొక ప్రక్కనుండి వేయించితిమి. చితికొఱకు నేలమట్టమున ఒకటి, వెనుకనుండి జుట్టు అంచును చూపుటకు ఒకటి. అక్కడ చాలించితిమి. రంగు మార్చుట యొక్కసారియే. అదియు బిడ్డను గుర్తించిన క్షణమున కాదు, ఆమె యేడ్పు ముగిసిన పిదప.

ప్రదర్శనము జరిగిన రాత్రి ఈలలు లేవు. చప్పట్లు ఆలస్యముగా వచ్చినవి. కళాశాలలో చేరిన పాత చంద్రమతి తల్లిని వెంటబెట్టుకొని వచ్చి, వెనుకటి చోటనే గూర్చుండి చూచినది. పోవునప్పుడు ఆ తల్లి మాకు నమస్కరించినది. కనబడినదా యని యడుగుటకు మాకు నోరు రాలేదు.

దీపముల యద్దెవాడు మాత్రము సామానులు సర్దుకొనుచు, "మాస్టారూ, పన్నెండు తెమ్మన్నారు, నాలుగే వాడారు. మిగతా ఎనిమిదింటికీ కూడా డబ్బులివ్వాలండీ" అన్నాడు. ఇచ్చితిమి.